ఆ రెండో పైపు నాది

మాస్టారు పోయారన్న కబురు మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టమని పాస్టరు గారు నాకే ఫోన్ చేశారు. నేను సంఘ కార్యదర్శిని. పెళ్ళి కబురైనా, చావు కబురైనా రాసిపెట్టడం నా పనే. వీరులపాడు హైస్కూల్లో ఏడో తరగతికి సైన్సు నోట్సు చెప్తున్నవాణ్ణి ఆపేసి, వరండాలోకి వచ్చి రాయడం మొదలుపెట్టాను. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. ఎనభై మూడేళ్ళు. "ప్రభువునందు నిద్రించారు" అనేదాకా వేలు ఆగకుండా నడిచింది. పేరుకు ముందు "మన సంఘ సభ్యులు" అని పెట్టాలా వద్దా అన్నచోట ఆగిపోయింది.

మళ్ళీ పాస్టరు గారికే ఫోన్ చేసి అడిగాను.

"సభ్యులేనండి. బల్లకి దూరంగా ఉన్నారు గానీ సభ్యత్వం తియ్యలేదుగా మనం," అన్నారాయన.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నెలలో మొదటి ఆదివారం మా గుడిలో రొట్టె ముక్క, చిన్న కప్పులో ద్రాక్షరసం పంచుతారు. దాన్ని ప్రభువు బల్ల అంటాం. మాకు అంతకంటే పెద్దది లేదు. తప్పు చేసినవాణ్ణి సంఘం ఆ బల్లకు దూరంగా ఉంచుతుంది. వాడు అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటుంది. మాస్టారు నాలుగేళ్ళు దూరంగా ఉండి, అలాగే పోయారు. ఆయన చేసిన తప్పు పైపు కాల్చడం. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది.

మన బడి పూర్వ విద్యార్థులు వేస్తున్న ఈ సంచికకు మాస్టారి గురించి నన్ను రాయమన్నారు. ఆయనకు బాగా దగ్గరివాణ్ణని అనుకుని అడిగారు. ఒప్పుకున్నాక వారం రోజులు పెన్ను పట్టలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా మీరడిగినట్టు ఉండదేమో. మీరు లెక్కల మాస్టారి గురించి అడిగారు. నాకు చెప్పాల్సింది పైపు గురించి ఉంది.

బళ్ళో ఆయన పైపు పట్టుకోగా మనమెవ్వరం చూడలేదు. కానీ ఆయన నోట్‌బుక్కు దిద్దడానికి పక్కన నిలబడితే చొక్కా నుంచి కాలిన తుమ్మకట్టె వాసన వచ్చేది, గుర్తుందా? ఇంట్లో వంట ఆయనే చేస్తారని మనం చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. లెక్క రాకపోతే "ఇది నాకు రావట్లారా, రేపు చూసుకొచ్చి చెప్తా" అని నలభై మంది ముందు అనగలిగిన మనిషి ఆయనొక్కరే. స్టెప్పులు వదిలేసి ఆన్సరు రాసినవాడికి సున్నా వేసేవారు. ఆన్సరు కరెక్టే కదా మాస్టారూ అని నేను ఏడిస్తే, "ఎలా వచ్చిందో చెప్పలేనిది నీది కాదురా" అన్నారు.

ఆ వాసన సంగతి నాకు బడి వదిలి పాతికేళ్ళు దాటాక తెలిసింది. మా నాన్న పోయిన ఏడాది. ఇంటికి వచ్చినవాళ్ళంతా ఓదార్చి, వాక్యం చదివి వెళ్ళిపోయారు. మాస్టారు అవేమీ చెయ్యలేదు. నెల తర్వాత బజారులో కనబడి, "ఏరా, ఆకు వచ్చింది, ఈనెలు తియ్యాలి. మీ అమ్మగారికి నడుం నొప్పి. చేతిసాయం కావాలి, వస్తావా?" అన్నారు. అమ్మగారంటే ఆయన భార్య. ఏ ఆకో, ఏ ఈనెలో నాకు తెలియదు. ఇంట్లో కూర్చుంటే నాన్న కుర్చీయే కనిపించేది. అందుకని వెళ్ళాను.

వాళ్ళింటి వెనక రేకుల పాక ఉండేది. అందులో దండేల మీద పొగాకు వేలాడుతోంది. కింద ఒక గుంట, గుంటలో తుమ్మమొద్దు, దాని మీద ఊక. మంట లేకుండా పొగ మాత్రమే రావాలి. మంట లేచిందా, ఆకు పెళుసైపోతుంది. ఉద్యోగం రాకముందు మాస్టారు గుంటూరు వైపు పొగాకు కొనే కంపెనీ ఒకదాంట్లో మూడు సీజన్లు గుమాస్తాగా చేశారు. అక్కడ ఆకు నాణ్యం చూసే ముసలి దొర ఒకాయన ఇంగ్లీషు పద్ధతిలో పైపు పొగాకు తన చేత్తో తయారు చేసుకునేవాడట. ఇంగ్లండు నుంచి డబ్బాలు రావడం ఆలస్యమైతే, మన ఆకుతోనే ఆ ఘాటు తెప్పించుకునేవాడు. వెళ్ళిపోతూ ఆ విద్యనూ, తన నల్ల పైపునూ మాస్టారికి ఇచ్చి వెళ్ళాడు.

ఆ విద్య ఏమిటో రాస్తాను. రాయకపోతే అది నాతోనే పోతుంది, తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

బ్యారన్ కొట్టంలో పొయ్యి వేడికి ఆరిన పసుపు ఆకు రెండు వంతులు. పాకలో పొగ పట్టించిన నాటాకు ఒక వంతు. ఎండలో నల్లబడి, పాతబడిన నాటాకు అర వంతు. ఇవి జగ్గయ్యపేట అవతల ఒక రైతు దగ్గర తెచ్చుకునేవారు. చుట్టూ అందరూ పత్తికీ మిరపకీ మళ్ళిపోయినా, ఆ రైతు చెలక చివర కాస్త పొగాకు వేసేవాడు. శనివారాలు మేమిద్దరం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. మాస్టారు ఆకుని వెలుగుకి పట్టి చూసి, మడిచి, చెవి దగ్గర పెట్టుకుని నలిపేవారు. చప్పుడైతే తేమ చాలదని పక్కన పెట్టేసేవారు. "ఏం మాస్టారూ, ఆకు మాట్లాడుద్దా?" అని రైతు నవ్వేవాడు. "మాట్లాడకపోతేనేనయ్యా కొనేది," అనేవారు ఈయన.

ఇంటికి తెచ్చాక నీళ్ళు చిలకరించి, గోనెపట్టా కప్పి ఒక పూట ఉంచాలి. మెత్తబడిన ఆకుకి ఈనె తీసి, పసుపూ నలుపూ మార్చి మార్చి పరిచి, రెండు టేకు చెక్కల మధ్య పెట్టాలి. ఆ చెక్కలకు నాలుగు మూలలా బోల్టులుండేవి. రోజూ ఒక్కో బోల్టునీ అర చుట్టు బిగించాలి, అంతకు మించి కాదు. మూడు వారాలకి విప్పితే మామిడి తాండ్రలా నల్లగా, పొరలు పొరలుగా దిమ్మ వచ్చేది. దాన్ని కత్తిపీట మీద పల్చగా తరిగి, గాజుసీసాలో వేసి, మూత బిగించి ఆరు నెలలు మర్చిపోవాలి. సెంటు లేదు, పాకం లేదు. "ఆకు తప్ప ఇంకోటి కలిపితే అది దొర పొగాకు కాదు, కిళ్ళీ కొట్టు పొగాకు," అనేవారు. వంటింటి కత్తిపీట ఒకసారి పాకలోకి వచ్చిందని అమ్మగారు రెండు రోజులు మాట్లాడలేదట. దాంతో పాకకి వేరే కత్తిపీట వచ్చింది.

ఈనెలు తీస్తూ నేను నాన్న గురించి మాట్లాడేవాణ్ణి. ఆయన వినేవారు. మొదటి ఏడాదంతా కాల్చమని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. రెండో ఏడు నేనే సిగ్గుపడుతూ అడిగాను.

"ఘాటుగా ఉంటుందిరా," అన్నారు.

"పర్లేదండి."

"పర్లేదంటే కాదు. తొందరపడకుండా ఉండగలవా?"

ఉండగలనన్నాను. పొగాకు ముక్కని అరచేతిలో నలిపి, పేపరు మీద కాసేపు ఆరబెట్టారు. పైపులో అడుగున వదులుగా, పైన కొంచెం గట్టిగా నింపారు. అగ్గిపుల్ల గీసి చుట్టూ తిప్పితే ఆకు పైకి లేచింది. దాన్ని తల చదును చేసిన మేకుతో మెల్లగా అణిచి, రెండో పుల్ల గీశారు. "ఇప్పుడు వేడి పాలు చప్పరించినట్టు చప్పరించు. మింగకు." నేను సిగరెట్టు అలవాటున్నవాడిలా గబగబా నాలుగు దమ్ములు లాగాను. తల గిర్రున తిరిగింది, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, ఒళ్ళంతా చల్లటి చెమట. నులకమంచం మీద పడుకోబెట్టి నా నోట్లో బెల్లం ముక్క పెట్టారు. ఆయన నవ్వలేదు. అమ్మగారు మాత్రం గుమ్మంలోంచి "ఇంత వయసొచ్చి చంటిపిల్లాడల్లే పడుకున్నాడు చూడండి" అని విరగబడి నవ్వారు.

మెల్లగా నేర్చుకున్నాను. వారానికి ఒకటి రెండుసార్లు, సాయంత్రాలు, పాకలో. నల్ల పైపు ఆయనది. నేను ముదురు గోధుమరంగు వంకీ పైపు ఒకటి కొరియరులో తెప్పించుకుని అక్కడే అలమారులో పెట్టుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళే ధైర్యం లేదు. సంఘంలో కార్యదర్శిని, బళ్ళో సైన్సు మాస్టారుని, ఇంట్లో పొగ తాగొద్దని పిల్లలకు చెప్పే తండ్రిని. వెళ్ళేముందు పాకలోనే మొహం కడుక్కుని, సోంపు నమిలి బయటపడేవాణ్ణి. మాస్టారు మాత్రం సాయంత్రం వీధి అరుగు మీదే కూర్చుని అందరికీ కనబడేలా కాల్చుకునేవారు. "ఇది మంచి అలవాటని నేను ఎవరికీ చెప్పనురా. కానీ నాకుందని దాచను," అనేవారు. నేను తలూపేవాణ్ణి. ఆ మాట నన్నే అంటున్నారేమో అన్న అనుమానం అప్పట్లో నాకు రాలేదు. నా మీద నాకు అంత మంచి అభిప్రాయం ఉండేది.

ఆయనతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే నా పైపు ఆరిపోయేది. నేను పీలుస్తూనే ఉండేవాణ్ణి. "ఆరిపోవడం తప్పు కాదురా, ఎవరిదైనా ఆరిపోద్ది. ఆరిందని తెలియకుండా పీలుస్తున్నావు చూడు, అదీ తప్పు," అని అగ్గిపెట్టె నా వైపు తోసేవారు.

నాలుగేళ్ళ కిందట యువకుల కూడికకు వచ్చే ఇద్దరు ఇంటర్ పిల్లల జేబుల్లో గుట్కా పొట్లాలు దొరికాయి. తల్లులు పాస్టరు గారి దగ్గరకొచ్చి ఏడ్చారు. పిల్లల్ని గట్టిగా అడిగితే, "మాస్టారు రోజూ అరుగు మీద తాగట్లా? ఆయన్నేమీ అనరే" అన్నారట. పాస్టరు గారు వయసులో చిన్నవారు, బైబిలు కాలేజీ నుంచి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆయన కోపం న్యాయమైందే. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు.

"మాస్టారింటికి వెళ్దాం బ్రదర్. కార్యదర్శి లేకుండా నేనొక్కణ్ణే వెళ్తే బాగోదు," అన్నారు నాతో.

బండి మీద ఆయన వెనక కూర్చుని వెళ్తుంటే నా ఆలోచనంతా ఒక్కదాని మీదే ఉంది. మాస్టారు ఏమవుతారన్నది కాదు. అలమారులో ఉన్న నా పైపు. జేబులో ఫోనుంది. దిగి ఏదో వంక పెట్టి ఒక్క ఫోన్ చేసి, దాన్ని తీసెయ్యమని చెప్పడానికి వీలుంటుందా అని చూశాను. వీలు కాలేదు.

మాస్టారు మమ్మల్ని పాకలోకే తీసుకెళ్ళారు. దాచేదేముంది అన్నట్టు అలమారు తలుపు తీసి సీసాలు, చెక్కలు, మేకు, అన్నీ చూపించారు. పాస్టరు గారు మర్యాదగానే అన్నీ చూశారు. రెండు పైపుల దగ్గర ఆగారు.

"రెండెందుకండి మాస్టారూ?"

మాస్టారు నా వైపు చూడలేదు. ఆయన చూస్తే పాస్టరు గారు కూడా చూస్తారని ఆయనకు తెలుసు.

"ఒకటి వేడెక్కితే ఇంకోటి వాడుకోవాలండి. కట్టె చల్లారాలిగా."

అది నిజమే. పైపుల పద్ధతి అదే. నాకు నేర్పింది కూడా ఆయనే. కానీ ఆ రెండో పైపు మొన మీద ఉన్న పంటిగాట్లు నావి. వాటిని చూస్తూ నేను అక్కడే నిలబడ్డాను.

"ఇంకోమాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మన సంఘంలో మీతో పాటు ఇంకెవరైనా తాగుతున్నారా? పిల్లలకి చెప్పేముందు పెద్దవాళ్ళం సరిగ్గా ఉండాలిగా."

నేను నోరు తెరవడానికి కావలసినంత సమయం ఆయన ఇచ్చారు. అది నాకిప్పుడు తెలుస్తోంది. గుంటలో బూడిదని కర్రతో సర్దారు. అలమారు తలుపు మూశారు. చొక్కా చేతులు దించుకున్నారు. అప్పటికీ నేను మాట్లాడకపోయేసరికి, "లేదండి, నేనొక్కణ్ణే," అన్నారు.

నలభై మంది పిల్లల ముందు తనకు లెక్క రాదని చెప్పుకున్న మనిషి, డెబ్భై తొమ్మిదో ఏట, నా కోసం అబద్ధమాడారు. నాకు ఆ క్షణంలో కలిగింది సిగ్గు కాదు. చెప్పాలంటే నోరు రావడం లేదు గానీ, నాకు హాయిగా అనిపించింది.

ఆ ఆదివారం కమిటీ కూర్చుంది. మినిట్స్ రాసింది నేనే. "పొగ త్రాగు అలవాటు కలిగియున్నందున, సంఘము ఎదుట ఒప్పుకొను వరకు వారిని ప్రభువు బల్లకు దూరముగా ఉంచుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ఏకగ్రీవముగా అన్న మాటలో నా చెయ్యి కూడా ఉంది. అందరికంటే ముందు ఎత్తాను. వెనకబడితే ఎవరికైనా అనుమానం వస్తుందని.

ఆ తర్వాత నేను వాళ్ళింటికి వెళ్ళడం మానేశాను. పైపు కూడా మానేశాను. దాన్ని గెలుపని చెప్పుకోవడానికేమీ లేదు, భయంతో మానేశాను. ఏటా ఆకు వచ్చే రోజుల్లో ఆయన నుంచి ఫోన్ వస్తుందేమోనని బెదిరేవాణ్ణి. రాలేదు. ఆయన మొండికేసి కాలుస్తూనే ఉన్నారనీ, అందుకే ఒప్పుకోవడానికి రావడం లేదనీ నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కమిటీలో ఎవరైనా "మాస్టారు ఇంకా రాలేదేంటి?" అంటే, "పెద్దాయన, పట్టుదల ఎక్కువ" అని నేనే జవాబు చెప్పేవాణ్ణి.

ఆయన ఒక్క ఆదివారం కూడా గుడి మానలేదు. బల్ల ఉన్న రోజున కూడా లేచి వెళ్ళిపోయేవారు కాదు. పళ్ళెం తన దాకా వస్తే రెండు చేతులతో అందుకుని పక్కవారికి అందించేవారు. ముందు వరసలో కూర్చుని నేను తీసుకునేవాణ్ణి. గొంతు దిగకపోతే బాగుండేదేమో. సాఫీగా దిగేది.

రెండేళ్ళ కిందట జగ్గయ్యపేటలో ఎన్నికల ట్రైనింగు చూసుకుని నందిగామ బస్సెక్కాను. మాస్టారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. పక్క సీటు ఖాళీ. ఆయన నన్ను చూసి, చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చారు. సరిగ్గా అప్పుడే వెనక సీట్లోంచి పాస్టరమ్మగారు "వందనాలు బ్రదర్" అని పలకరించారు. నేను వందనాలు చెప్పి, అక్కడే రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. నా వెనకే ఎక్కిన కుర్రాడెవడో ఆ సీట్లో కూర్చున్నాడు. నేను ఇబ్బంది పడకుండా మాస్టారు కిటికీ వైపు తిరిగి, నందిగామ వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పితో దిగడానికి అవస్థ పడుతుంటే ఆ కుర్రాడే చెయ్యి పట్టుకుని దింపాడు. నేను వెనక డోర్లోంచి దిగిపోయాను.

ఇదీ నేను ఆయనకు దగ్గరివాణ్ణవడం.

భూస్థాపన రోజున ఆయన జీవిత చరిత్ర చదివింది కూడా నేనే. "క్రమశిక్షణకు మారుపేరు" అని రాశాను. "ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగు నింపిన" అని రాశాను. మీలో చాలామంది అక్కడున్నారు, బాగా చదివానని నా భుజం తట్టారు కూడా.

మూడో రోజు పళ్ళు తీసుకుని అమ్మగారిని చూడటానికి వెళ్ళాను. బంధువులు లోపల పడుకున్నారు. ఆమె వరండాలో కూర్చుని ఉన్నారు. నేను కూర్చోకముందే లేచి లోపలికెళ్ళి, పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి నా చేతికిచ్చారు. విప్పకుండానే తెలిసింది.

"నీదిగా. తీసుకెళ్ళు. ఇన్నాళ్ళూ నా ఇంట్లో దాచా, ఇంక దాచలేను."

శుభ్రంగా తుడిచి ఉంది. లోపల మసి గీకి ఉంది.

"మాస్టారిది?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మీరొచ్చెళ్ళిన రోజే పొయ్యిలో పెట్టారు. సీసాలన్నీ పెంటకుప్పలో పోశారు. ఆ పూట నించి మళ్ళీ ముట్టుకోలా. నీది మాత్రం పరాయివాళ్ళ వస్తువు, కాల్చెయ్యడానికి నాకేం హక్కుంది అని, ఆర్నెల్లకోసారి తుడిచి పెట్టేవారు."

మెట్టు మీద కూర్చున్నాను. మానేసినవారు మరి గుడిలో లేచి ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదని అడిగాను. నిజానికి అడగక్కర్లేదు. ఆమె నోటితో విని తీరాలని ఉందేమో నాకు.

"నేనూ అట్టాగే పోరు పెట్టా. వెళ్ళి ఒప్పేసుకోండి, అయిపోద్దిగా అని. ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలే, సగం చెప్తే చెప్పనట్టే అన్నారు. నేనొక్కణ్ణే అని అబద్ధమాడా, అది కూడా చెప్పాలి, చెప్తే వాడి పేరొస్తది అన్నారు. వాడే వచ్చి చెప్తాడులే, అప్పుడిద్దరం కలిసి నిలబడతాం, అన్నారు. ప్రతి నెలా అదే మాట. ఆయన తీసుకోకపోతే నేనూ తీసుకోలా. నాలుగేళ్ళు."

"నన్ను క్షమించండమ్మా," అన్నాను.

"ఆయన నిన్ను ఒక్క మాటన్లా. ఎప్పుడో క్షమించేసుంటారు. నన్నడక్కు. నావల్ల కావట్లా," అన్నారామె. కోపంగా అనలేదు. ఇంట్లో పంచదార లేదన్నంత మామూలుగా అన్నారు. ఆ గొంతుతోనే "కాఫీ తాగుతావా?" అని అడిగారు. తాగుతానని ఎలా అనగలను? వద్దని ఎలా అనగలను? ఆమె లేచి కలిపి తెచ్చారు, నేను తలొంచుకుని తాగాను.

తర్వాతి వారం మాస్టారి కుటుంబం కోసం పెట్టిన ఆదరణ కూడికలో నేను లేచి నిలబడ్డాను. ఆ పైపు జేబులోంచి తీసి చూపించాను. ఇది నాది, మాస్టారితో కలిసి మూడేళ్ళు కాల్చాను, ఆ రోజు పాకలో ఆయన నా కోసమే అబద్ధమాడారు, నేను వింటూ ఊరుకున్నాను, తీర్మానం రాసి చెయ్యెత్తాను, అని చెప్పాను. నా భార్య తల దించుకుంది. నేను అనుకున్నంత ఘోరమేమీ జరగలేదు. నాలుగేళ్ళు నేను భయపడింది ఇంతేనా అనిపించింది, అదే నన్ను మరీ కుంగదీసింది.

పాస్టరు గారు అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరకొచ్చారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ రోజే చెప్పుంటే బ్రదర్... ఇద్దర్నీ ఒక్క నెల ఆపి, మళ్ళీ మొదటి ఆదివారానికి బల్లకి తీసుకునేవాణ్ణి."

ఒక్క నెల. నేను పెదవి విప్పి ఉంటే ఒక్క నెల. మాస్టారు ఆ ఒక్క నెలకి బదులు నాలుగేళ్ళు కూర్చుని, నేను వస్తానని చూస్తూ పోయారు.

ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న మీకు ఈ మాటలు పంపుతున్నాను. నా పేరు మీద ఉన్న మంచి అభిప్రాయాన్ని తీసేసుకోండి. కార్యదర్శి పని మానేశాను. నన్ను బల్లకు దూరంగా ఉంచమని నేనే అడిగి రాయించుకున్నాను. ఈసారి మినిట్స్ రాసింది వేరొకరు.

మొన్న మొదటి ఆదివారం బల్ల జరిగింది. పళ్ళెం నా దాకా వస్తే పక్కవారికి అందించాను. ఎంత తేలిగ్గా ఉంటుందో అనుకునేవాణ్ణి ఆయన్ని చూసి. తేలిక కాదు. కప్పులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. ఆడవాళ్ళ వైపు పళ్ళెం పాస్టరు గారే స్వయంగా పట్టుకెళ్ళారు. అమ్మగారి ముందు ఆగారు. ఆమె చాలాసేపు పళ్ళెం వంక చూసి, చెయ్యి చాపి కప్పు తీసుకుని తాగారు. ఖాళీ కప్పుని పళ్ళెంలో పెట్టలేదు. చివరి పాట అయిపోయేదాకా దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.